ఎటు ఈదాడో అడుగు

యొకోసుకా రేవు,
1953 మార్చి 8

సుమియె వదినకి,

ఇక్కడ చెర్రీలు ఇంకా మొగ్గ మీదే ఉన్నాయి. ఉత్తరం మొదట్లో ఋతువు గురించి ఒక ముక్క రాయకపోతే నాన్న కాగితం విసిరి కొడతాడు కాబట్టి రాశాను. ఇక అసలు సంగతికొస్తాను.

నాకు ఓడ దొరికింది. ఓడ అనగానే నువ్వు గొప్పగా ఊహించుకోకు. అడుగు చదునుగా, మన పెరట్లో చేపలు ఉడకబెట్టే పెద్ద పెనంలా ఉంటుంది. అల లేకపోయినా ఊగుతుంది. యుద్ధంలో అమెరికావాళ్ళు కట్టింది. సైనికులు ఒడ్డుకు దిగే ముందు ఇది వెళ్ళి, ఒడ్డుకి ఆనుకున్నట్టు నిలబడి, ముక్కు మీది గొట్టాల్లోంచి రాకెట్లు వదిలేదట. యుద్ధం అయ్యాక కాలిఫోర్నియాలో ఏదో నదిలో కట్టిపడేసి, తుప్పు బాగా పట్టాక మనకి అరువిచ్చారు. మన తీర రక్షక దళం వాళ్ళు ఇలాంటివాటన్నిటికీ పువ్వుల పేర్లు పెడుతున్నారు. మాది 'త్సుయుకుసా'. పొద్దున పూసి మధ్యాహ్నానికి వాడిపోయే గడ్డిపువ్వు! ఫిరంగుల ఓడకి ఇదేం పేరురా అని మేమే నవ్వుకుంటున్నాం.

పని నేర్పడానికి హల్వర్సన్ అనే అమెరికా ఆయన ఉన్నాడు. నోరు తిరగక హారు గారూ అంటున్నాం. యుద్ధంలో ఈ ఓడ మీదే పనిచేశాడట. కోబేలో హోటల్లో చేసిన మా వంటవాడు దెగుచి మధ్యలో నిలబడి ఆయన మాటలు మాకు చెబుతాడు. ఆయన పది మాటలంటే వీడు మూడు చెబుతాడు. ఆ మూడింట్లో ఒకటి వీడి సొంతం.

వదినా, నిన్న చుక్కాని గది గోడ మీద పాత రంగు గీకుతుంటే బూడిద రంగు కింద మన జెండాలు బయటపడ్డాయి. అరచెయ్యంత తెల్ల చదరం, మధ్యన ఎర్ర సూర్యుడు. అలా వరసగా ఐదున్నాయి. కూల్చిన విమానానికొకటి చొప్పున వేసుకున్నారట. ఒక్కోదాని కింద తేదీ ఉంది. నాలుగోదాని కింద మే 11, 1945.

అన్నయ్య పోయాడన్న కబురులో వచ్చిన తేదీ అదే కదా? ఆ రోజు ఒకినావా మీదకి వెళ్ళిన మన విమానాలు బోలెడు, అక్కడున్న ఓడలూ బోలెడు. అది నాకూ తెలుసు. కానీ ఆ తేదీ చూశాక ఆ గోడ గీకడం ఆపేశాను. నాన్నకి చెప్పకు.

షిగెతో

———

ఇంటి నుంచి,
మార్చి 16

షిగెతోకి,

బార్లీ మోకాలెత్తు వచ్చింది, నారింజ చెట్లకి చలి దెబ్బ తగల్లేదు. నీ ఋతువు ముక్క మామయ్యకి చదివి వినిపించాను. "చెర్రీల గురించి ప్రతి వెధవా రాస్తాడు" అన్నాడు. అయినా రెండోసారి చదవమన్నాడు. మిగతాది నేను చదవలేదు, భయపడకు.

తేదీ అదే.

కానోయా స్థావరం నుంచి లేచిన విమానం శత్రువు ఓడని గుద్దడానికి వెళ్ళిందనీ, తిరిగి రాలేదనీ రాశారు. తిరిగి రావడానికి కాదుగా పంపింది! అస్థికలంటూ పంపిన ఆ తెల్ల పెట్టె ఇంటికొచ్చిన రోజు నువ్వు బడి నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయావు. నీకు తెలియని సంగతి చెబుతున్నాను, ఆ రాత్రి మామయ్య పడుకున్నాక పెట్టె తెరిచాను. ఎముకలు లేవు, బూడిద లేదు. ఆయన పేరు రాసిన కాగితం ముక్క ఒక్కటుంది. దాన్ని పట్టుకునే ఎనిమిదేళ్ళ నుంచి విధవనంటూ తిరుగుతున్నాను.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే మామయ్య ఇక ఆగనంటున్నాడు. ఆగస్టులో బోన్ పండక్కి, పోయినవాళ్ళు ఇళ్ళకొచ్చే రోజులకి, మీ అన్నయ్యకి రాయి నిలబెట్టాలట. రాళ్ళు చెక్కే ముసలాయన వచ్చి కూర్చుని, "పక్కన కోడలి పేరు కూడా చెక్కి ఎర్ర రంగు నింపనా?" అని అడిగాడు. మొగుడి పక్కన బతికున్న పెళ్ళాం పేరు ఎర్రగా ఉండటం మామూలే. ఆమె పోయాక ఎరుపు తీసేస్తారు. మామయ్య కాసేపు పొగ పీల్చి, "వద్దు, మా చిన్నాడు రానీ" అన్నాడు. అర్థమైందిగా? అన్న పోతే తమ్ముడు వదినను చేసుకోవడం మన తీరంలో కొత్త కాదు. శరదృతువులో మన ఇద్దరికీ చేసేద్దామని ఆయన ఆలోచన. నీ ముక్కు తుడిచి బడికి పంపినదాన్ని, నవ్వకు.

నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆయన నిజంగా పోయాడని నాతో ఒక్క మనిషి, చూసినవాడు, చెబితే చాలు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మీ అన్నయ్యవి మామూలు కళ్ళే, చిన్నవే. నేనింకా వాటిని పెద్దవి చేసుకోలేదంటే నా మనసు ఒప్పుకోలేదనే కదా.

ఆ హారు గారిని అడుగు. మొహమాటపడకు.

సుమియె

———

యొకోసుకా,
మార్చి 29

వదినా,

చెర్రీలు పూశాయి. (నాన్నకి.)

హారు గారిని అడిగాను. ఆయనకి ఆ రోజు బాగా గుర్తుందట. వీళ్ళ ఓడ ఒకినావాకి వాయవ్యంగా, నేల కనిపించనంత దూరంలో కాపలా ఉండేదట. వచ్చే విమానాల్ని ముందుగా చూసి వెనకవాళ్ళకి కబురంపాలి. అంటే దెబ్బ ముందు వీళ్ళకే. పక్కనున్న పెద్ద ఓడలు తగలబడితే ఈ చిన్న ఓడ వెళ్ళి నీళ్ళలో ఉన్నవాళ్ళని ఏరుకొచ్చేది. ఎక్కువగా శవాలే దొరికేవట. అందుకని పెద్ద ఓడలవాళ్ళు వీళ్ళని 'పాడె మోసేవాళ్ళు' అని పిలిచేవారట. ఇది చెబుతూ హారు గారు నవ్వాడు. దెగుచి మాత్రం నవ్వలేదు.

ఆ మధ్యాహ్నం ఒక విమానం నీళ్ళని రాసుకుంటూ వచ్చిందట. రెక్క విరిగి, ఓడకి తగలకుండా పక్కనే పడింది. పేలలేదు. మునిగిపోయే లోపల అందులోంచి మనిషి బయటికొచ్చాడు. తల మీద టోపీ లేదు, మెడలో తెల్ల గుడ్డ ఉంది. ఓడ ఆపారు. హారు గారే తాడు విసిరాడట.

మిగతాది వచ్చినప్పుడు ఎదురుగా చెబుతాను. ఇలాంటివి కాగితం మీద రాయలేను. పెళ్ళి సంగతి నాన్నతో నేను మాట్లాడతాను, నువ్వు నలిగిపోకు.

షిగెతో

———

ఇంటి నుంచి,
ఏప్రిల్ 9

షిగెతో, నా బంగారు మరిదీ,

ఋతువు లేదు, ఏమీ లేదు! తాడు విసిరారు!

నీ ఉత్తరం చేపల చావిట్లో నిలబడి చదివాను. పక్కనున్న బుట్ట మీద కూలబడ్డాను. బుట్ట విరిగింది. మామయ్య పరుగెత్తుకొచ్చాడు. దాచలేకపోయాను, క్షమించు. అంతా చదివి వినిపించాను. ఆయన బావి దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు.

మరి ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదంటావా? నాకు తెలుసు. పక్క రేవులో నికాయిదో వాళ్ళ పెద్దాడు గుర్తున్నాడా? ఖైదీగా దొరికానని సిగ్గుపడి దొంగపేరు చెప్పాడు. రెండేళ్ళ తరువాత ఇంటికొచ్చి తన సమాధి రాయి తనే చూసుకున్నాడు. మీ అన్నయ్యని ఊరంతా దేవుణ్ణి చేసింది. బళ్ళో పిల్లల చేత దణ్ణాలు పెట్టించింది. గుద్దకుండా, చావకుండా, శత్రువు తాడు పట్టుకుని పైకెక్కినవాడు ఏ మొహం పెట్టుకుని ఈ మెట్లెక్కుతాడు? ఎక్కడో ఏ గనిలోనో ఇంకో పేరుతో బతుకుతున్నాడు. పిచ్చివాడు! నేను దేవుణ్ణి పెళ్ళి చేసుకున్నానా?

రాళ్ళు చెక్కేవాణ్ణి వద్దన్నాం. రోజూ పొద్దున ఆయన పేర మళ్ళీ అన్నం పెడుతున్నాను, దూరాన ఉన్నవాడు ఆకలితో ఉండకూడదని. మూత తీస్తే లోపల చెమ్మ పట్టి ఉంటే మనిషి బతికున్నట్టని మీ అమ్మ చెప్పేది కదా. రోజూ పడుతోంది. మామయ్య తనే మూత తీసి చూస్తున్నాడు. "తడిగా ఉందే పిల్లా, తడిగా ఉంది" అంటున్నాడు. వేడన్నం మీద మూత పెడితే చెమ్మ పట్టక మానదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా చూస్తున్నాం.

నీకూ పీడ వదిలింది. ముసలి వదినను కట్టుకునే గండం తప్పింది. మంచి పడుచుపిల్లని చూస్తాను. ఖైదీల్ని ఎక్కడికి తీసుకెళ్ళారో, ఏ పేరు చెప్పాడో హారు గారిని అడిగి వెంటనే రాయి. వెంటనే!

సుమియె

———

యొకోసుకా,
మే 12

వదినా,

నెల దాటినా నీకు జవాబు రాయలేదు. నువ్వు పంపిన మరో రెండు ఉత్తరాలూ అందాయి. "ఏ ఊరు, ఏ పేరు" అని నువ్వడిగినవన్నీ చదివాను. రోజూ కాగితం ముందేసుకుని కూర్చున్నాను. నిన్న మే 11. ఇక ఆపితే పాపం.

తప్పు నాదే. చావు మాట వదినకి ఎలా రాయాలో తెలియక తాడు దగ్గర ఆపేశాను. నువ్వు అలా అనుకుంటావని నా ఊహకి అందలేదు. ఇప్పుడు మొత్తం రాస్తున్నాను. కూర్చుని చదువు.

తాడు నీళ్ళలో ఉన్న ఆ మనిషి ముందే పడింది. పట్టుకోలేదు. హారు గారు లాగి మళ్ళీ విసిరాడు. ఈసారి భుజం మీద పడింది. ఆయన దాన్ని తీసి, మెల్లిగా పక్కకి నెట్టాడట. కోపంగా కాదు, వద్దులెండి అన్నట్టు. మూడోసారి విసిరేసరికి తిరిగి ఈదుకుంటూ వెళ్ళిపోతున్నాడు. కాల్చమని ఎవరో అరిచారట. ఎవరూ కాల్చలేదు. ఇంతలో దక్షిణాన పెద్ద ఓడ తగలబడిందని కబురొచ్చింది. పాడె మోయడానికి వీళ్ళు వెళ్ళిపోయారు. తిరిగొచ్చి వెతకలేదు. కూల్చినట్టు లెక్కేసి గోడ మీద జెండా వేసుకున్నారు.

ఆయన అన్నయ్యేనని ఎలా తెలుసంటావు. నేనూ అదే పట్టుకు వేళ్ళాడాను. హారు గారు డెక్కు మీద పడుకుని ఆ మనిషి ఈదిన తీరు చూపించాడు. ఒక పక్కకి ఒరిగి, తల నీళ్ళ పైనే ఉంచి, కాళ్ళు కత్తెరలా ఆడిస్తూ, తొందర లేకుండా. "అలా ఈదేవాణ్ణి ముందూ చూడలేదు, తరువాతా చూడలేదు" అన్నాడు. వదినా, అది నాన్న మాకు నేర్పిన ఈత. మన తీరం పాత ఈత. అదే తేదీ, అదే ఈత. ఇంకేం కావాలి?

నాన్నకి ఎలా చెబుతావో నాకు తెలియదు. ఈ ఓడలో అందరం కలిసి ఓడలవాళ్ళని కాపాడే కొన్పిరా దేవుడి రక్షరేకు కట్టిన గూడు పెట్టుకున్నాం. దాని ముందు నిలబడితే నాకు దణ్ణం పెట్టాలనిపించట్లేదు.

షిగెతో

———

ఇంటి నుంచి,
జూన్ 3

షిగెతోకి,

వానాకాలం ఇంకా రాలేదు. వస్తే బాగుండు.

ముందు నిన్ను తిట్టుకున్నాను. నన్ను చేసుకోవాలని కథ అల్లావనుకున్నాను. ఒక రాత్రంతా అలాగే అనుకున్నాను. తెల్లారేసరికి అది కూడా నిలవలేదు. నీకు అబద్ధం రాదు. చిన్నప్పుడు చిలగడదుంప దొంగిలించి, మూతికి అంటించుకునే వచ్చి లేదనేవాడివి.

మామయ్యకి చదివి వినిపించాను. ఈత దగ్గరికి రాగానే చెయ్యెత్తి ఆపమన్నాడు. అన్నం గిన్నె తనే తీసుకెళ్ళి పిల్లులకి పెట్టేశాడు.

నా సంగతి విను. ఆ తాడు ఒక్కడు విసిరింది కాదు షిగెతో. ఆ చివర అమెరికావాడున్నాడు, వాడి వెనకాల నేనున్నాను. ఖైదీల శిబిరం, రెండేళ్ళు, ఒక రైలు, మన మెట్లు, నేను. అంతా ఆ తాడుకే ఉంది. వద్దులెండి అని పక్కకి నెట్టాడు! చనిపోయినా భరించాను. వద్దనుకున్నాడంటే ఎలా భరించను? నా పక్కన పడుకున్న మనిషి, నేను చేసిన పులుసు బాగుందన్న మనిషి.

ఒక్కటి అడిగి చెప్పు. ఎటు ఈదాడు?

నడిసముద్రం వైపు ఈదితే, చావడానికే వెళ్ళాడు. అప్పుడు ఆయన రాయి మీద నా పేరు అక్కర్లేదు. శరదృతువులో మామయ్య చెప్పినట్టు నిన్ను చేసుకుంటాను. మనస్ఫూర్తిగానే చేసుకుంటాను, దిక్కులేక కాదు. ఇటు, మన వైపు ఈదితే, ఆయన నన్ను వద్దనలేదు. అప్పుడు నా పేరు ఎర్రగా చెక్కిస్తాను, చచ్చేదాకా ఆయన పెళ్ళాన్నే. నువ్వేం రాస్తే అదే చేస్తాను. మళ్ళీ అడగను.

సుమియె

———

యొకోసుకా,
జూన్ 20

వదినా,

హారు గారు ఈ నెలాఖరున వెళ్ళిపోతున్నాడు. ఓడ ఇక పూర్తిగా మాది. మమ్మల్ని ససెబో రేవుకి పంపుతారట.

నీ ప్రశ్న జేబులో పెట్టుకుని చాలా రోజులు తిరిగాను. అడగకుండానే రాసేద్దామనుకున్నాను. నడిసముద్రం వైపు అని రాస్తే ఎవరు కాదంటారు? ఒకసారి రాశాను కూడా. చించేశాను. ఒక్కసారే చెబుతాను, తరువాత ఎప్పుడూ అనను. నువ్వంటే నాకిష్టం. నాన్న చెప్పినందుకు కాదు. నాకు పదహారేళ్ళప్పుడు ఆ పెట్టె వచ్చిన రోజు గుమ్మంలో నిలబడి, ముందు నీ మొహం చూశాను, తరువాతే పెట్టె చూశాను. అన్న చావు ఇంటికి తెలిసిన రోజున నేను చేసిన పని అది.

అడిగాను. హారు గారు చాలాసేపు ఆలోచించలేదు. ఆ రోజు ఓడ మొహం ఎటుందో, ఎండ ఎటుందో గుర్తు చేసుకుని చెయ్యి చాపాడు. ఈశాన్యం. ఒకినావా వైపు కాదు. "అటు ఏముందని వెళ్తున్నాడా అని అప్పుడు మాకు అర్థం కాలేదు. అటు వందల మైళ్ళు నీళ్ళే. అక్కణ్ణించి మీ ఊరెటు?" అన్నాడు. నేను చెయ్యి చాపాను. ఇద్దరి చేతులూ ఒకవైపే ఉన్నాయి. ఆయన టోపీ తీసేశాడు.

మన వైపు ఈదాడు వదినా. నీ పేరు చెక్కించుకో.

షిగెతో

———

ఇంటి నుంచి,
ఆగస్టు 18

షిగెతోకి,

బోన్ వెళ్ళిపోయింది. దీపాలు నీళ్ళలో వదిలాం. మన రేవులో గాలి ఎదురు తిరిగి సగం దీపాలు ఒడ్డుకే వచ్చేశాయి. పిల్లలు ఏడ్చారు.

రాయి నిలబెట్టాం. నా పేరు చెక్కించాను. చూస్తే సంతోషంగా ఉంటుందనుకున్నాను. ఆయన నన్ను వద్దనలేదు, వస్తున్నాడు, అని నెలరోజులు అదే అనుకుంటూ ఉడకబెట్టిన చేపలు ఎండబెట్టాను. ఇప్పుడు ఆ మాట ముందుకి సాగుతోంది. వస్తున్నాడు, సరే. సాయంత్రమైంది, ఇంకా వస్తున్నాడు. చీకటి పడింది. ఇంకా వస్తున్నాడు. నేను ఆ రాత్రి ఏం చేస్తున్నానా అని గుర్తు చేసుకుంటే ఏమీ గుర్తురాలేదు. హాయిగా పడుకుని ఉంటాను.

నువ్వు అబద్ధం రాసి ఉంటే బాగుండేది షిగెతో. నిన్ను చేసుకుని, ఆయన్ని తిట్టుకుంటూ, నీ పిల్లల్ని కని ముసలిదాన్ని అయిపోయేదాన్ని. నీ మీద కోపం లేదు. కానీ నువ్వు సెలవులకి రాకు. ఆ ఓడ ఆయన్ని వదిలేసి వెళ్ళింది, నువ్వు దాని మీదే తిని పడుకుంటున్నావు. నీ తప్పేమీ లేదు. అయినా నీకు అన్నం వడ్డించలేను. నా చేతులు నా మాట వినవు.

ఇంత రాయకూడదనుకున్నాను, మామయ్య కోసం రాస్తున్నాను. ఆయన రోజూ సాయంత్రం రేవు చివర రాళ్ళ మీద కూర్చుంటున్నాడు. నిన్న పిలవడానికి వెళ్తే నాతో అన్నాడు: "అది అలసట తెలియని ఈత పిల్లా. పడవ బోల్తా పడితే తెల్లారేదాకా తేలి ఉండాలని మా నాన్న నాకు నేర్పాడు, నేను వాడికి నేర్పాను. వాడికి నాకంటే బాగా వచ్చింది. ఈత రానివాడైతే అక్కడే, అప్పుడే అయిపోయేవాడు. నా కొడుకు ఒక రాత్రి ఈది ఉంటాడు. మర్నాడు కూడా ఈది ఉంటాడు. మంచి ఈతగాణ్ణి చేశానని ఊరంతా చెప్పుకున్నాను" అని. తరువాత, మే నెలలో అక్కడి నీళ్ళు ఎలా ఉంటాయి, వెచ్చగా ఉంటాయా అని అడిగాడు. చల్లటి నీళ్ళయితే మనిషి తొందరగా పోతాడట కదా. ఓడ మీద ఉన్నావు కాబట్టి నీకు తెలుస్తుందట.

వెచ్చగానే ఉంటాయని నాకు తెలుసు. నువ్వు చాలా చల్లగా ఉంటాయని రాయి. ఆయనకి చదివి వినిపిస్తాను. అదొక్కటే రాయి, ఆ తరువాత ఇక నాకు ఏమీ రాయకు.

సుమియె